వేయి ముఖముల నటుడు లాన్ చేనీ

భయము గొలుపు చలనచిత్రములను పిల్లలు చూడవచ్చునా, చూడరాదా యని తల్లిదండ్రులు మమ్ము తరచుగ అడుగుచుందురు. దయ్యములు, నెత్తురు త్రాగు పిశాచములు, సమాధులనుండి లేచివచ్చు కళేబరములు గల చిత్రములన్నిటిని ఒక్క గాటకట్టి కాదనుట సులభము. కాని వెలుగు నీడలే తప్ప రంగులు లేక, తొలినాళ్లలో మాటలు సయితము లేక తీయబడిన ఆ పాత చిత్రములు నేటికిని జనులనేల ఆకర్షించుచున్నవో తెలిసికొనగోరువారు, వానికి మూలపురుషులలో నొకడైన లాన్ చేనీ చరిత్రమును చదువుట యుక్తమని మా అభిప్రాయము. అతడు అమెరికా దేశీయుడు. గతించి తొంబదియేండ్లు దాటినను, వేయి ముఖముల మనుష్యుడను బిరుదు అతనికి తప్ప మరియొకనికి దక్కలేదు.

మన అలంకారికులు భయానకమును, కరుణమును వేర్వేరు రసములుగ లెక్కించిరి. భయము కలిగినప్పుడు ప్రేక్షకుడు వెనుకకు జరుగును. జాలి కలిగినప్పుడు ముందునకు వంగును. ఈ రెండును ఒక్క ముఖమునందు, ఒక్క క్షణమునందు కలిసియుండుట చేనీ చిత్రములలోని విశేషము. అది అతనికి అభ్యాసశాలలో అబ్బినది కాదు, ఇంటిలో అబ్బినది.

కొలరాడో రాష్ట్రమున, పైక్స్ పీక్ అను మహాపర్వతము చెంత, కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణము కలదు. అచ్చట 1883వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన అతడు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు లియోనిడాస్ ఫ్రాంక్ చేనీ. తండ్రి ఫ్రాంక్ చేనీ క్షౌరశాలలో పనిచేసి కుటుంబమును పోషించుచుండెను. తండ్రికి వినికిడి లేదు. తల్లి ఎమ్మాకును లేదు. ఎమ్మా తండ్రియైన జొనాథన్ కెన్నెడీ 1874లో ఆ రాష్ట్రమున బధిర బాలబాలికలకు పాఠశాలను స్థాపించినవాడు. ఆ పాఠశాల అంధులకును విద్య గరపుచు నేటికిని నడచుచున్నది.

ఇట్టి యింట పుట్టిన బిడ్డకు మొదటి భాష నోటిది కాదు. ఆకలియైనను, అలుకయైనను, వీధిలో చూచిన వింతయైనను వ్రేళ్లతోను, కనుబొమలతోను, భుజముల కదలికతోను చెప్పవలసినదే. తల్లి కన్ను తనమీద నిలిచియున్నంతవరకే మాట చేరును. ఆమె ముఖము త్రిప్పినచో అరచినను ప్రయోజనము లేదు. చెవి గల బిడ్డలు కేకవేసి పనులు సాధించుకొనుట మనమెరిగినదే. లాన్‌కు ఆ సౌకర్యము లేకపోయెను.

సుమారు పదియేండ్ల ప్రాయమున అతనికి చదువు ఆగిపోయెను. తల్లి కీళ్లవాతముచే మంచము పట్టెను. తండ్రి పనికి పోవలసినవాడే గదా. చిన్న పిల్లలను చూచుకొనుచు, తల్లికి ఉపచారములు చేయుచు బాలుడు కొన్ని యేండ్లు ఇంటనే గడపెను. మంచముపై కదలలేక పడియున్న ఆమెకు లోకమును తెచ్చిచూపువాడు కుమారుడొక్కడే. పట్టణములో ఆనాడు జరిగినదంతయు మాట లేకుండ ఆమె యెదుట అభినయించి చూపుట అతని నిత్యకృత్యమయ్యెను. ఒకనిని గుర్తుపట్టునట్లు చూపుటకు వాని నడకలోని లోపమో, భుజము వంపో పట్టుకొనిన చాలును. మా విద్యార్థులలోను ఇట్టి విద్య గలవారు లేకపోలేదు. ఉపాధ్యాయుల నడకను, సహాధ్యాయి కుంటును అనుకరించి తరగతినంతటిని నవ్వించుచుందురు. అయితే బాలుడైన చేనీ అనుకరించినది నవ్వించుటకు మాత్రమే కాదు. మంచము దిగలేని తల్లికి మనుష్యుల నడుమ నుండిన అనుభూతిని కలిగించుటకు. చూచువారెవరు, చూపుట ఎందులకు అను దానినిబట్టి ఒకే అనుకరణము రెండు విధములగుచున్నది.

యౌవనమున అతడు ఊరి నాటకశాలలో తెరలు లాగుట, సామానులు మోయుట మొదలగు పనులలో కుదిరి, 1902 ప్రాంతమున రంగస్థలము నెక్కెను. పిమ్మట పదియేండ్లకు పైగా సంచార నాటక సమాజములతో ఊరూర తిరిగెను. ఆ సమాజములలో నటుడనగా పాడవలెను, ఆడవలెను, అవసరమైనచో రంగాలంకరణము చేయవలెను, బండిలో సామాను సర్దవలెను. 1905లో క్లీవా క్రైటన్ అను గాయనిని వివాహమాడెను. మరుసటి యేట క్రైటన్ అను కుమారుడు కలిగెను. ఆ కాపురము కలతలపాలై 1913 తరువాత విచ్ఛిన్నమయ్యెను. ఆ దుఃఖమును విస్తరించి వ్రాయుట ఈ పత్రికకు తగదు. ఆ అపవాదుతో అతనికి నాటకశాలల తలుపులు మూతపడెననియు, బ్రతుకుతెరువునకై హాలీవుడ్ చేరెననియు మాత్రము చెప్పిన చాలును. 1915లో అతడు హేజెల్ హేస్టింగ్స్ అను ఆమెను పెండ్లాడి, కుమారుని తిరిగి తనయొద్దకు తెచ్చుకొనెను. ఈ రెండవ వివాహము తుదివరకు నిలిచెను.

యూనివర్సల్ చిత్రశాలలో అతడు మొదట చిల్లర వేషగాడు. ఒకనాడు చైనావాడు, మరునాడు సముద్రపు దొంగ, ఆ మరునాడు ముదుసలి. వేషము మార్చగలవానికి కూలి దొరకు దినములెక్కువ. రంగులు, కత్తిరించిన వెండ్రుకలు, జిగురు, దూది గల పెట్టె యొకటి అతని వెంట ఎల్లప్పుడు నుండెడిది. తన ముఖమును తానే దిద్దుకొనెడివాడు. ఇంకొకరిని తాకనిచ్చెడివాడు కాడు. ఆ పెట్టె ఇప్పుడు లాస్ ఏంజిలిస్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారి యధీనమున నున్నది.

అతని పేరు మారుమ్రోగినది 1919లో, మిరకిల్ మాన్ అను చిత్రముతో. కపట భిక్షుకుల ముఠాలో అతడొకడు. అవయవములన్నియు మెలిపెట్టుకొని, నేలపై ప్రాకుచు, స్వస్థతనిచ్చు ఒక వృద్ధుని యెదుటికి పోయి జనులు చూచుచుండగా ఒక్కొక్క కీలును విప్పుకొని లేచి నిలుచుట అతని పాత్ర. అది పచ్చి మోసము. అయితే ఆ మోసమును చూచి నమ్మిన నిజమైన కుంటి బాలుడొకడు చంకకఱ్ఱలను విడిచి నడచివచ్చును. అప్పుడు కపటి ముఖమున తోచు దిగ్భ్రమయే ఆ చిత్రమునకు ప్రాణము. దౌర్భాగ్యవశమున ఆ చిత్రములో కొద్ది నిమిషముల భాగము తప్ప మిగిలినదంతయు నశించినది.

మరుసటి యేట వచ్చిన పెనాల్టీ అను చిత్రమున అతడు కాళ్లు లేని దొంగలనాయకుడు. బాల్యమున ఒక వైద్యుడు పొరపాటున రెండు కాళ్లను కోసివేయగా, ఆ పగతో పెరిగి క్రూరుడైనవాని కథ అది. చేనీ తన కాళ్లను వెనుకకు మడిచి బిగించి కట్టుకొని, మోకాళ్లను తోలు తొడుగులలో నుంచి వానిపైననే నడచెను. ఆ కట్లను ఎక్కువసేపు ఓర్చుకొనుట సాధ్యము కాకుండెను.

ఇచ్చట మా సందేహమును దాచక చెప్పుట మంచిది. అంగవైకల్యమును దుర్మార్గమునకు గురుతుగా చూపుట ఆ కాలపు కథలకు అలవాటు. చేనీ చిత్రములు కొన్ని ఆ దోషమునకు లోనైనవే. కాళ్లు లేనివాడు పగబట్టినవాడై యుండుననియు, ముఖము చెడినవానికి మనస్సును చెడుననియు తలచుట అన్యాయము. ఆ కథలను అతడు వ్రాయలేదని చెప్పి తప్పించుకొనుటయు సరికాదు. వానిని ఎంచుకొన్నవారిలో అతడును ఒకడు. కాని అతని నటన కథను మించిపోవుట చూడుడు. పెనాల్టీలోని ఆ క్రూరుడు ఒంటరిగ నున్న ఘట్టములలో మనము ఆతని నేరములను మరచి, కోల్పోయిన కాళ్లను తలచుకొందుము. రచయిత దుర్మార్గుని వ్రాసినచోట నటుడు మనుష్యుని చూపెను.

1923లో హంచ్‌బాక్ ఆఫ్ నోటర్‌డామ్ వెలువడెను. విక్టర్ హ్యూగో 1831లో ప్రకటించిన ప్రసిద్ధ నవలయే దానికి ఆధారము. పారిస్ నగరపు మహాదేవాలయమున గంటలు మ్రోగించు గూనివాడు క్వాసిమోడో. ఆ గంటల హోరుచేతనే అతని చెవులు పోయినవి. బధిర దంపతుల కుమారుడు బధిరుని పాత్రను ధరించుట కాకతాళీయము కావచ్చును. కాని ఆ పాత్రకై చేనీ ఎంతో ముందునుండియే ప్రయత్నించుచుండుటయు, హక్కులను సంపాదించుటకు పాటుపడుటయు చూడగా, అందులో తన యింటి వాసన అతనికి తగిలినదని మేము తలచుచున్నాము. వీపుపై అతడు మోసిన గూను బరువును గూర్చి ప్రకటనకర్తలు పెంచి వ్రాసిన లెక్కలు నమ్మదగినవి కావు. ఒక కన్ను కప్పి, చెంపలు ఉబ్బించి, పండ్లు మార్చి, ఆ బరువుతో గోడలు ప్రాకుచు దినములకొలది నటించుట మాత్రము నిజము.

ఆ చిత్రములో మా విద్యార్థులు తప్పక చూడదగిన ఘట్ట మొకటి కలదు. క్వాసిమోడోను జనులందరి యెదుట ఎత్తైన తిన్నెపై కట్టివేసి కొరడాలతో కొట్టుదురు. దప్పికతో అలమటించుచున్నను మూక నవ్వును. అప్పుడు ఎస్మరెల్డా యను బాలిక మెట్లెక్కి వచ్చి నీరు త్రాగించును. అంతకుముందు ఆ ముఖమును చూచి జడిసిన ప్రేక్షకుడు ఇప్పుడు జడియుట ఆ మూకను చూచి. ముఖమునకు వేసిన రంగు మారలేదు, గూను తగ్గలేదు. మన భయమే ఒకచోటి నుండి మరియొకచోటికి తరలిపోయినది. తుదకు కత్తిపోటు తిన్న క్వాసిమోడో తన మరణఘంటను తానే మ్రోగించి ప్రాణము విడుచును. ఆ గంట నాదము అతనికి వినబడదు. మూకీ చిత్రము గనుక మనకును వినబడదు.

ఈ చిత్రములలో రంగులు లేకపోవుట లోపమని నేటి బాలురు తలచుట సహజము. చేనీకి అది సాధనము. ఆనాటి ఫిలిము కంటివలె చూడదు. ఎరుపు దానికి నలుపుగ కనబడును. నీలము తెలుపుగ తేలిపోవును. అందుచే నటుడు అద్దములో చూచుకొను ముఖము వేరు, తెరపై కనబడు ముఖము వేరు. చెంప క్రింద కొంచెము ఎఱ్ఱరంగు పూసినచో అది గుంటయై తోచును. కనుబొమ మీద తెల్లరంగు గీసినచో ఎముక పొడుచుకొనివచ్చినట్లగును. మన వీధినాటకములలో అర్దళము పూసికొనిన నటుడు దివిటీల వెలుగునకు తగినట్లు ముఖము దిద్దుకొనుట వంటిదే ఇది. దూదిని, కొలోడియన్ అను జిగురుద్రవమును కలిపి చర్మముపై పొరలుగ పేర్చి మచ్చలను, ముడుతలను కల్పించెడివాడు. ఈ కళయందు అతనికి గల ప్రామాణ్యమునకు నిదర్శనముగ, 1929లో వెలువడిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పదునాల్గవ ముద్రణమున చలనచిత్ర వేషరచనను గూర్చిన వ్యాసమును అతనిచేతనే వ్రాయించిరి. బాల్యముననే బడి మానినవాని వ్యాసము పండితుల వ్యాసముల సరసన నిలిచెను.

1925లో వచ్చిన ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా అతని పేరును చిరస్థాయి గావించినది. పారిస్ సంగీత నాటకశాల నేలమాళిగలలో దాగియుండు ఎరిక్ అను విరూపి, పై అంతస్తులో పాడు క్రిస్టీన్ అను యువతిని ప్రేమించి, తన చీకటి నివాసమునకు కొనిపోవును. ముఖమునకు ముసుగు ధరించియుండును. చిత్రము విడుదలగువరకు ఆ ముసుగు వెనుకనున్న ముఖమును చిత్రశాలవారు ఎవరికిని చూపలేదు. ఒక్క ఛాయాపటమైనను పత్రికలకు పోనీయలేదు.

ముసుగు తొలగు ఘట్టమును కూర్చిన విధము గమనింపదగినది. ఎరిక్ ఆర్గన్ వాద్యము ముందు మన వైపునకు తిరిగి కూర్చుండును. క్రిస్టీన్ వెనుకనుండి మెల్లమెల్లగ వచ్చి, రెండుమారులు చేయి చాచి వెనుకకు తీసికొని, తుదకు ముసుగును లాగివేయును. ఆ ముఖము ముందుగ కనబడునది ఆమెకు కాదు, మనకు. పుర్రెవలె లోనికిపోయిన కన్నులు, పైకి బిగించి యెత్తిన ముక్కు, తెరచుకొన్న నోరు. మనము ఉలికిపడిన తరువాత గాని అతడు ఆమె వైపునకు తిరుగడు. ఆ రెండు క్షణముల నడుమ మనము చూచునది భయంకరమైన ముఖమును మాత్రమే కాదు. తన రహస్యము బయటపడినవాని బాధను గూడ. ఆనాడు నాటకశాలలలో జనులు కేకలు వేసిరని చెప్పుదురు.

చిత్రాంతమున మూక అతనిని సీన్ నదీతీరమువరకు తరుమును. దారి లేక నిలిచి, పిడికిలి బిగించి పైకెత్తును. అందులో ఏదో ప్రేలుడు సామగ్రి యున్నదని మూక వెనుకకు తగ్గును. అతడు నవ్వుచు పిడికిలి విప్పును. అందులో ఏమియు లేదు. అంతట వారు మీదపడి కొట్టి నీటిలో త్రోసివేయుదురు. ఆ నాటకశాలకై యూనివర్సల్ వారు నిర్మించిన రంగము 2014లో ఆ కట్టడమును పడగొట్టువరకు నిలిచియుండెను.

ఆ తరువాతి యేండ్లలో అతడు మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో మిక్కిలి ఆదరము గల నటుడయ్యెను. నేలమీద పురుగు కనబడినచో త్రొక్కరాదనియు, అది చేనీ యేమోయనియు జనులు హాస్యమాడుకొనెడివారు. టాడ్ బ్రౌనింగ్ అను దర్శకునితో కలిసి చేసిన అన్‌నోన్ అను 1927 నాటి చిత్రమున, చేతులు లేనివానిగ నటించి కాళ్లతో కత్తులు విసరువాని వేషము ధరించెను; కాళ్లతో చేయు పనులు కొన్నిటిని నిజముగ చేతులు లేని యొకరు చేసి యిచ్చిరి. ఆ చిత్రమున నటించిన జోన్ క్రాఫర్డ్, నటనయనగా నేమో అతనిని చూచియే నేర్చుకొంటినని పిమ్మట చెప్పుచుండెను. 1926లో టెల్ ఇట్ టు ది మెరీన్స్ అను చిత్రమున ఏ వేషమును లేక తన స్వంత ముఖముతో ఒక మెరీను సార్జెంటుగ నటింపగా, మెరీను దళమువారు మెచ్చి అతనిని తమలో గౌరవ సభ్యునిగ చేర్చుకొనిరి. లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ అను చిత్రపు కడపటి ప్రతి 1965లో చిత్రశాల గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. అతడు నటించిన చిత్రములు నూటయేబదికి మించినను వానిలో అధికభాగము ఇట్లే నశించినవి.

విందులకు పోవుట, పత్రికలవారితో ముచ్చటించుట అతనికి కిట్టవు. చిత్రముల నడుమ తనకు ఉనికియే లేదనెడివాడు. తీరిక దొరికినపుడు భార్యతో సియెరా పర్వతములకు పోయి చేపలు పట్టెడివాడు. అచ్చట పాల్ విలియమ్స్ అను ప్రసిద్ధ శిల్పిచే రాతి కుటీరము నొకదానిని కట్టించుకొనెను. అది పూర్తియైన పిమ్మట దానిని అనుభవించుటకు అతనికి మిగిలిన కాలము స్వల్పము.

ఇంతలో చిత్రములకు మాట వచ్చెను. ఇతర నటులు టాకీలలోనికి దుమికినను చేనీ చిరకాలము సందేహించెను. శరీరముతో మాటలాడుట పుట్టుకనుండి నేర్చినవానికి గొంతు కొత్త. తుదకు అంగీకరించి, తాను 1925లో మూకీగ నటించిన అన్‌హోలీ త్రీ యను కథనే 1930లో టాకీగ నటించెను. అందులో పెదవులు కదల్చక బొమ్మను మాటలాడించు గారడీవాడు అతడు. ముసలమ్మ వేషమును ధరించును. గారడీవాడు, ముసలమ్మ, బొమ్మ, చిలుక, బాలిక యను అయిదు గొంతులును తనవేయని న్యాయాధికారి యెదుట ప్రమాణపత్రము వ్రాసి సంతకము చేసెను. వేయి ముఖములు గలవానికి గొంతులును పెక్కు గలవని జనులు సంతసించిరి.

ఆ సంతసము కొద్ది వారములే నిలిచెను. ముందటి యేటనుండియే అతనిని పీడించుచున్న వ్యాధి ఊపిరితిత్తుల కాన్సరని తేలెను. గొంతునుండి రక్తస్రావము కలిగి స్వరము పూర్తిగ పోయెను. ఆసుపత్రి మంచముమీద పడియుండి, తల్లి మంచము ప్రక్కన బాలుడుగ నేర్చిన భాషకే మరల దిగి, వ్రేళ్లతో తన అవసరములను తెలుపుకొనెను. 1930 ఆగస్టు 26వ తేదీన, నలుబదియేడేండ్ల ప్రాయమున, అతడు లాస్ ఏంజిలిస్ నగరమున కన్నుమూసెను. అంత్యక్రియలకు మెరీను దళమువారు గౌరవరక్షకులుగ వచ్చిరి.

బ్రౌనింగ్ తీయదలచిన డ్రాక్యులాలో ప్రధానపాత్రకు అతని పేరు వినబడియుండెను. 1931లో అది బేలా లుగోసీకి దక్కెను. ఆ యేడే వచ్చిన ఫ్రాంకెన్‌స్టయిన్‌లో బోరిస్ కార్లాఫ్ రాక్షసుని వేషము ధరించి, దడిపించుచునే జాలి పుట్టించెను. తన కుమారుడు నటుడగుట చేనీకి ఇష్టము లేకుండెను. తండ్రి పోయిన పిమ్మట క్రైటన్ చిత్రరంగము చేరి, 1935 నుండి తండ్రి పేరునే ధరించి, 1941లో ఉల్ఫ్‌మాన్ చిత్రమున, తన యిష్టము లేకయే తోడేలుగ మారు దురదృష్టవంతుని పాత్రచే ప్రసిద్ధికెక్కెను. తండ్రి చరిత్రమును 1957లో జేమ్స్ కాగ్నీ నటింపగా చిత్రముగ తీసిరి.

గ్లెండేల్ నగరపు ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో చేనీ సమాధి యున్నది. దానిమీద పేరు చెక్కబడలేదు.